కీళ్లున్న కథ

తెలుగునాట నోటి కథ ఒంటరిగా నడిచిన సందర్భాలు తక్కువ. చెప్పేవాడి చేతిలో తంబురా అయినా ఉంటుంది, పక్కన వంత పాడే మనిషి అయినా ఉంటాడు, కొన్ని తెగల కథకుల దగ్గరైతే కథనంతా కళ్లముందు పరిచే బొమ్మ ఉంటుంది. చేర్యాల నకాషీలు గుడ్డ మీద వరుసగా గీసి ఇచ్చిన పటాన్ని కొంచెం కొంచెం విప్పుకుంటూ కులపురాణం చెప్పే తెలంగాణ కథకులూ, రామాయణ ఘట్టాలను గడులు గడులుగా వేసి ఆయా గడుల అంచున తెలుగు అక్షరాలు కూడా రాసిన శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారులూ, మేకతోలును గాజులా పారదర్శకంగా చేసి దీపం ముందు ఆడించిన రాయలసీమ బొమ్మలాటవాళ్లూ ఒకే అవసరాన్ని మూడు విధాలుగా తీర్చారు. పటంలో బొమ్మ కదలదు, కథకుడి వేలు కదులుతుంది. కలంకారీలో బొమ్మా వేలూ నిలిచే ఉంటాయి, చూసేవాడి కన్ను గడి నుంచి గడికి నడుస్తుంది. తోలుబొమ్మలాటలో మాత్రం బొమ్మే నడుస్తుంది, చెయ్యెత్తుతుంది, పోట్లాడుతుంది, పడిపోతుంది, అందుకని దానికి భుజం దగ్గరా మోచేతి దగ్గరా నడుం దగ్గరా కీళ్లు కావలసి వచ్చాయి.

ఈ మూడో పద్ధతికి అనంతపురం, పావగడ సరిహద్దు ప్రాంతం పుట్టిల్లు కాకపోయినా మెట్టినిల్లు అనదగినది. తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్రనేల ఉంటుంది, ఆ తాలూకా ఉత్తర భాగంలో ఉన్న వై.ఎన్.హొసకోట నుంచి కంబదూరు, కుందుర్పి మండలాలు దగ్గర, సొంత జిల్లా కేంద్రమే దూరం. మైసూరు సంస్థానానికీ మద్రాసు రాష్ట్రానికీ నడుమ గీసిన పాత గీతే తర్వాత కర్ణాటకకూ ఆంధ్రకూ సరిహద్దు అయింది కాబట్టి, బడిలో కన్నడం చదివి ఇంట్లో, సంతలో తెలుగు మాట్లాడే జనం ఇక్కడ తరతరాలుగా ఉన్నారు. వర్షాధారపు చేలు, కరువు, పట్టుమగ్గాలు సరిహద్దుకు ఇరువైపులా ఉన్నట్టే, ఎండాకాలం రాత్రుల్లో తెర కట్టి ఆడే బొమ్మలాట కూడా ఇరువైపులా ఉండేది. గీతకు ఆంధ్రవైపు దాన్ని తోలుబొమ్మలాట అంటే కర్ణాటకవైపు తొగలు గొంబెయాట అంటారు, కన్నడంలో ‘తొగలు’ అంటే తోలు, ‘గొంబె’ అంటే బొమ్మ, అంటే పేరు కూడా మాటకు మాట ఒకటే.

ఆడించేవారి విషయం ఇంకా ఆసక్తికరం. తెర మీద తెలుగో కన్నడమో మాట్లాడే ఈ కుటుంబాల్లో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీకి చెందిన ఒక మాండలికం, దాన్ని ఇక్కడ ఆరె భాష అంటారు. షిండే వంటి ఇంటిపేర్లూ, పేర్ల చివర రావు అన్న మాటా ఆ మూలాన్ని పట్టిస్తాయి. కర్ణాటకలో వీరిని కిళ్లెక్యాత లేదా శిళ్లెక్యాత అని పిలుస్తారు. నిజానికి కిళ్లెక్యాతుడు ఆటలో వచ్చే హాస్యపాత్ర, మొరటు మాటలతో నవ్వించే విదూషకుడు, ఆ పాత్ర పేరే చివరికి ఆడించే కులానికి పేరై కూర్చుంది. తెలుగు ఆటలో అదే స్థానంలో జుట్టుపోలిగాడు, అతని భార్య బంగారక్క, వారి మధ్యలో దూరే కేతిగాడు ఉంటారు. కేతిగాడిలోని ‘కేతి’కీ కిళ్లెక్యాతలోని ‘క్యాత’కూ ఉన్న పోలిక చెవికే తెలుస్తుంది. ఇంట్లో ఒక భాష, తెర మీద మరొకటి, సరిహద్దు దాటితే ఇంకొకటి, ఇన్ని మాటల మధ్య మారకుండా నిలిచింది బొమ్మ.

ఈ కళ వయసు గురించి అతిశయోక్తులు చాలా ఉన్నాయి. శాతవాహనుల కాలం నుంచీ ఉందని చాలాచోట్ల రాస్తారు గానీ దానికి గట్టి ఆధారం చూపినవారు లేరు. పదమూడో శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలంలో జరిగే ఆటపాటలను వర్ణిస్తూ తెరచాటు బొమ్మలాటను పేర్కొన్నాడు, ఇది మాత్రం తోసిపుచ్చలేని సాక్ష్యం. రూపం విషయంలో సాక్ష్యం ఇంకా దగ్గరలో ఉంది. పావగడకు ఆగ్నేయంగా, హిందూపురం పక్కన ఉన్న లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద విజయనగర కాలంలో, పదహారో శతాబ్దిలో వేసిన చిత్రాల్లో మనుషులు పక్కకు తిరిగి నిలబడతారు, ముక్కు కోసుగా ఉంటుంది, కన్ను పెద్దదిగా ముఖం అంచుదాకా సాగుతుంది, చీరల మీద గళ్లు, చుక్కలు, పువ్వులు వదలకుండా నిండి ఉంటాయి. తోలుబొమ్మను వెలుగులో పట్టుకుంటే అదే పక్కచూపు, అదే కన్ను, అవే చీరలు కనిపిస్తాయి. గుడి కప్పు నుంచి తోలు మీదికి వచ్చాయో, తోలు మీది నుంచి కప్పెక్కాయో తేల్చడం కష్టమే అయినా, కిరాతార్జునీయాన్ని వరుస ఘట్టాలుగా కప్పు మీద చెప్పిన చిత్రకారుడూ, అదే కథను తెర మీద ఆడించినవాడూ ఒకే రకమైన చూపరి కోసం పనిచేశారని మాత్రం అనవచ్చు.

బొమ్మ తయారీని దగ్గరగా చూస్తే ఈ కళలోని తెలివి అర్థమవుతుంది. మేకతోలును నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు, కొవ్వు గీకివేసి, చట్రానికి లాగి కట్టి ఆరబెడితే అది చెప్పులకు వాడే తోలులా దళసరిగా ఉండక, పలచని అప్పడంలా వెలుగును తనలోంచి పోనిచ్చే పొరగా మారుతుంది. చెప్పులతోలును బెరడుతో ఊనబెడతారు, బొమ్మతోలును అలా ఊనబెట్టరు, పారదర్శకతకు కారణం అదే. దాని మీద బొమ్మ గీత గీసి, అంచు వెంట కత్తిరించి, ఆ తర్వాత చిన్న చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. గుండ్రని చిల్లు, అర్ధచంద్రపు చిల్లు, బియ్యపుగింజ లాంటి చిల్లు, ఇలా ఒక్కొక్క ఉలికి ఒక్కొక్క ఆకారం. కిరీటం, వడ్డాణం, దండకడియం, చీర అంచు ఇవన్నీ రంగుతో కంటే చిల్లులతోనే ఏర్పడతాయి, ఎందుకంటే రంగు గుండా వచ్చే వెలుగు మెత్తగా ఉంటుంది, చిల్లు గుండా వచ్చే వెలుగు సూటిగా వచ్చి తెర మీద మెరుస్తుంది. నగ ఉన్నచోట తోలు ఉండదు, ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీయే రత్నమై కనిపిస్తుంది. అవయవాలను విడివిడిగా కోసి, దారం ముడితో కీళ్ల దగ్గర కలిపి, నడిమిన నిలువునా చీల్చిన బద్దలో బొమ్మను బిగిస్తారు, చేతులను ఆడించడానికి వేరే పుల్లలు ఉంటాయి. కేరళ తోల్పావకూత్తులో, ఒడిశా రావణఛాయలో తెర మీద పడేది నల్లని నీడ. ఇక్కడ పడేది రంగుల వెలుగు. మనిషంత ఎత్తున్న బొమ్మలు కూడా ఈ ఆటలో ఉంటాయి, దేశంలోని నీడబొమ్మల్లో ఇవే పెద్దవని పేరు.

ఏ పాత్రకు ఏ తోలు అన్న కట్టడి కూడా ఉండేది. దేవతలకూ రాముడివంటి నాయకులకూ జింకతోలును, మిగతావారికి మేకతోలును వాడేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకతోలు మాట మరిచిపోవలసి వచ్చింది, ఇప్పుడు రాముడూ రావణుడూ ఒకే మందలోని మేకలు.

ఆట మొదలయ్యే తీరు చెప్పుకోదగినది. రెండు తెల్లని చీరలను ఒకదాని అంచు మీద ఒకటి కలిపి ఈతముళ్లతో గుచ్చి తెర కడతారు, వెనక ఆముదపు దీపాలు, ముందు నేల మీద ఊరి జనం. తొలుత గణపతి, ఆ తర్వాత సరస్వతి తెర మీదికి వచ్చి పూజలందుకుంటారు. ఆటకు ఆధారం చాలావరకు రంగనాథ రామాయణం. పదమూడో శతాబ్దిలో గోన బుద్ధారెడ్డి ద్విపదలో రాసిన కావ్యమిది. ద్విపద అంటే రెండేసి పాదాలుగా సాగే దేశి ఛందస్సు, ఒక్కో పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉంటాయి, తాళానికి లొంగి నడవడం దీని గుణం, అందువల్లనే చదువురానివారి నోట కూడా వందల పంక్తులు నిలుస్తాయి. వాల్మీకిలో లేని ఉడుత భక్తి, సులోచన కథ వంటివి ఇందులో చోటు చేసుకోవడం కూడా ఆటగాళ్లకు కలిసివచ్చింది. బృందం పెద్ద ఒక పంక్తి ఎత్తుకుంటాడు, స్త్రీలు వంత అందుకుంటారు, పిమ్మట మామూలు మాటల్లో అదే విషయాన్ని పాత్రలు మాట్లాడతాయి. హార్మోనియం, మృదంగం, తాళాలు ఉంటాయి, యుద్ధం వచ్చినప్పుడు కాళ్లకింద వేసుకున్న చెక్కపలకలను ధనధనమని తొక్కుతారు. సుందరకాండ, లక్ష్మణమూర్ఛ, మైరావణ చరిత్ర, విరాటపర్వం, పద్మవ్యూహం జనం అడిగి ఆడించుకున్న ఘట్టాలు. సీత పాత్రకు స్త్రీయే గొంతు ఇవ్వడం, స్త్రీలూ పురుషులూ ఒకే తెర వెనక పనిచేయడం ఈ ఆటలో మొదటినుంచీ ఉన్నాయి, నాటకరంగం మీద మగవారే ఆడవేషం వేసిన కాలంలో ఇది చిన్న విశేషమేమీ కాదు.

ఇక్కడ బొమ్మ కథకు అలంకారం అనుకుంటే పొరపాటు. ముఖ్యపాత్రలకు ఒక్కో బొమ్మతో సరిపెట్టరు, అడవిలోని రాముడు వేరు, పట్టాభిషేకపు రాముడు వేరు, సభలోని ద్రౌపది వేరు, వనవాసపు ద్రౌపది వేరు. ఆటకు ముందు పెట్టె తెరిచి బొమ్మలను రావలసిన వరుసలో సర్దుకోవడమంటే ఆ రాత్రి చెప్పబోయే కథను నెమరువేసుకోవడమే. చేతికి తరువాతి బొమ్మ తగిలితే నోటికి తరువాతి పద్యం వస్తుంది. రాతప్రతి చేసే పనిని ఈ కుటుంబాల్లో చాలావరకు బొమ్మల పెట్టె చేసింది. కూతురో కొడుకో కథ నేర్చుకున్నది పుస్తకం ముందు కూర్చుని కాదు, తెర వెనక బొమ్మలు అందిస్తూ. కాబట్టే బొమ్మకు గౌరవం. దేవతల బొమ్మలను రాక్షసుల బొమ్మలతో కలిపి పెట్టరు, అరిగి చిరిగిన బొమ్మను చెత్తలో పారవేయక నీటిలో విడిచే ఆచారమూ ఉంది.

పెట్టెకు లొంగనిది హాస్యం ఒక్కటే. జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చినప్పుడు ద్విపద ఆగిపోతుంది, ఆ ఊరి సంగతులు తెర ఎక్కుతాయి. లంకలో అశోకవనం నుంచి నేరుగా ఊరి పిసినారి దగ్గరికీ, అప్పుల దగ్గరికీ, మొగుడూపెళ్లాల తగవు దగ్గరికీ రావడం వీరికి ఒక్క అడుగు. వీరి మాటల్లో బూతు ఎక్కువని ముఖం చిట్లించిన పెద్దమనుషులు ఎప్పుడూ ఉన్నారు, ఆ మాటలను తీసివేసి శుద్ధిచేసిన ప్రదర్శనలు పట్నాల వేదికల మీద వచ్చాయి కూడా. అయితే తెల్లవార్లూ సాగే ఆటలో జనాన్ని కునుకు తీయనివ్వకుండా కూర్చోబెట్టింది వీరే కాబట్టి, వీరిని తీసివేసిన ఆట ఒక గంటకు మించి సాగకపోవడం వింతేమీ కాదు.

వెలుగు మాట కూడా కొంత చెప్పాలి. ఆముదపు దీపం మంట నిలకడగా ఉండదు, గాలికి ఊగుతుంది, ఆ ఊపుకు తెర మీది బొమ్మ ఊపిరి తీస్తున్నట్టు కనిపిస్తుంది. తర్వాత పెట్రోమాక్స్ లైటు వచ్చింది, ఆపై కరెంటు బల్బు వచ్చింది, బొమ్మ స్పష్టమైంది, ఊపిరి ఆగింది. పావగడ తాలూకాలోనే తిరుమణి దగ్గర సుమారు పదమూడు వేల ఎకరాల్లో, రెండు వేల మెగావాట్లకు పైబడిన సామర్థ్యంతో సౌరవిద్యుత్తు కేంద్రం వెలిసింది, ఇంత వెలుగు పుట్టే నేల మీద తోలుబొమ్మకు సరిపడ్డది మాత్రం ఆ చిన్న ఆముదపు వెలుగే.

నోటికీ బొమ్మకూ ఉన్న ఈ బంధాన్ని సరిగా తూచాలంటే ఎంతో దూరాన ఉన్న మరొక సమాజాన్ని పక్కన పెట్టి చూడడం మేలు చేస్తుంది. కెనడా ఉత్తరాన, మంచు సముద్రపు అంచున బతికే ఇన్యూట్ ప్రజలను ఒకప్పుడు ఎస్కిమోలనేవారు, ఆ పేరును వారు ఇష్టపడరు. వేట మీద బతికి, చలికాలపు పొడవాటి రాత్రుల్లో కథలు చెప్పుకున్న ఈ ప్రజల పురాణాల్లో సముద్రమాత కథ ముఖ్యమైనది. తండ్రి చేతిలో వేళ్లు తెగిపోయి సముద్రంలో మునిగిన ఆ స్త్రీ వేళ్లే సీళ్లు, వాల్రస్‌లు, తిమింగలాలు అయ్యాయని, మనుషులు కట్టుబాటు తప్పితే ఆమె జుట్టు చిక్కుపడి వేట జంతువులు పైకి రావని, అప్పుడు మంత్రగాడు నీటి అడుగుకు దిగి ఆమె తల దువ్వి రావాలని వారి నమ్మకం. ఇరవయ్యో శతాబ్దం నడిమిన ప్రభుత్వం, చర్చి, బడి, తుపాకి, వ్యాపారం అన్నీ ఒక్కసారిగా మీదపడి, సంచారజీవితం వదిలి స్థిరమైన ఊళ్లలోకి రావలసిన పరిస్థితి ఏర్పడినప్పుడు, ఈ కథలు చెప్పుకొనే తీరిక, సందర్భం రెండూ తగ్గాయి.

అలాంటి కాలంలో కింగయిట్ అనే ఊళ్లో, ఒకప్పటి పేరు కేప్ డోర్సెట్, జేమ్స్ హూస్టన్ అనే చిత్రకారుడి తోడ్పాటుతో అచ్చుబొమ్మల పని మొదలైంది, జపాన్ వెళ్లి చెక్క అచ్చు నేర్చుకొని వచ్చిన ఆయన అనుభవమూ అందులో చేరింది. 1959లో మొదటి సంపుటి అమ్మకానికి వచ్చింది. చెక్క దొరకని ఆ నేలలో రాతిని చెక్కి అచ్చు దిమ్మె చేసుకున్నారు. తొలినాళ్లలో కొన్ని అచ్చులకు సీల్ తోలును కత్తిరించి, దానిలోని ఖాళీ గుండా రంగు అద్దారు. తోలులో ఖాళీని కోసి, ఆ ఖాళీతో బొమ్మ చేయడం తోలుబొమ్మల ఉలికీ తెలిసిన విద్యే. అక్కడ ఖాళీ గుండా రంగు పోతుంది, ఇక్కడ వెలుగు పోతుంది. వారి చిత్రాల్లో సముద్రమాత, పక్షిగా మారే మనిషి, పిల్లలను ఎత్తుకుపోయే నీటిరక్కసి వంటివి మళ్లీ మళ్లీ వచ్చాయి. అయితే అన్నిటి వెనకా పురాణం ఉందనుకోవడం కొనేవారి అత్యాశ. వారిలో అందరికంటే ప్రసిద్ధురాలైన కెనోజువక్ అషెవక్ 1960లో గీసిన గుడ్లగూబ 1970లో కెనడా తపాలాబిళ్ల ఎక్కింది, తాను కథ చెప్పడానికి కంటే అందంగా కనబడేది చేయడానికే గీస్తానన్నది ఆమె మాటల సారాంశం.

అక్కడ బొమ్మ సంతలో అమ్మకపు సరుకుగానే పుట్టింది. కదలని బొమ్మ, మాటలేని బొమ్మ, దూరదేశపు గోడకు వేలాడే బొమ్మ. అయినా దాని పక్కన కథను రాసిపెట్టే అలవాటు, పెద్దల నోటినుంచి విని నమోదుచేసే అలవాటు పెరిగాయి. ఇంకొక మలుపు మరీ చిత్రమైనది. జకరియాస్ కునుక్ అనే యువకుడు తాను చెక్కిన రాతిబొమ్మలను అమ్మి, ఆ డబ్బుతో 1981లో వీడియో కెమెరా కొన్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత అతడు తన ప్రజల నోటి కథనొకదాన్ని, తన ప్రజల భాషలోనే, ‘అటానార్జువాట్’ అనే సినిమాగా తీశాడు, 2001లో కాన్ చిత్రోత్సవంలో తొలిచిత్రానికి ఇచ్చే బహుమతి దానికి దక్కింది. రాయి కరిగి మాటగా, నడకగా మారిందన్నమాట.

సరిహద్దు తోలుబొమ్మ సరిగ్గా ఎదురుదారి పట్టింది. టూరింగ్ టాకీసులు, ఆ తర్వాత టీవీ వచ్చాక రాత్రంతా ఆడే ఆటలకు పిలుపులు తగ్గాయి, ధాన్యం కొలిచి ఇచ్చే రైతుకే కరువొచ్చింది. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట, ఒకప్పుడు అనంతపురం జిల్లాలోదీ, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోదీ అయిన ఈ చిన్న ఊరు, ఆ దెబ్బను తట్టుకోవడానికి చేతిపనిని పట్టుకుంది. అవే ఉలులు, అవే రంగులు, అదే మేకతోలు, కాని తయారయ్యేది దీపపు గొట్టం, గోడకు తగిలించే పటం, గదిని విడదీసే తెర. హస్తకళల ప్రదర్శనల్లో వీటికి గిరాకీ ఉంది, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఆటనూ చేతిపనినీ రెండింటినీ నిలబెట్టిన నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. కర్ణాటకవైపు బళ్లారిలో బెళగల్లు వీరణ్ణ స్వాతంత్ర్యోద్యమాన్ని, గాంధీ జీవితాన్ని తోలుబొమ్మల్లోకి తెచ్చి కథనే మార్చి చూశాడు. కొప్పళ జిల్లాకు చెందిన భీమవ్వ దొడ్డబాలప్ప శిళ్లెక్యాతర 2025లో, తొంభై ఆరేళ్ల వయసులో, పద్మశ్రీ అందుకుంది. ఎం.ఎస్. నంజుండరావు ఊరూరా తిరిగి సేకరించిన పాత బొమ్మలు బెంగళూరులోని కర్ణాటక చిత్రకళా పరిషత్తులో ఉన్నాయి, నీటిలో కలిసిపోవలసిన బొమ్మలు అలా అద్దాల వెనక మిగిలాయి.

దీపపు గొట్టాన్ని చిన్నచూపు చూడడం అన్యాయం, ఎందుకంటే పిల్లలను చదివించిందీ, ఉలిని తుప్పు పట్టకుండా కాపాడిందీ అదే. కాని పద్యం తెలియకపోయినా గొట్టం చేయవచ్చు, బొమ్మల వరుస గుర్తులేకపోయినా చేయవచ్చు. చేతికి అన్నం పెట్టే పని నోటికి పెట్టదు, కాబట్టి ఇంట్లో చిల్లులు కొట్టడం నేర్చుకునేవారు పదిమంది ఉంటే లక్ష్మణమూర్ఛ మొత్తం పాడగలిగేవారు ఒకరో ఇద్దరో మిగులుతున్నారు. ఇన్యూట్ అచ్చుబొమ్మ కథను వెతుక్కుంటూ వెళ్లింది, తోలుబొమ్మ తన దగ్గరున్న కథను దించి పక్కన పెట్టింది.

ఈ తేడా వస్తువులోనే కనిపిస్తుంది. ఆటకు చేసిన హనుమంతుడిని చేతికి తీసుకుంటే భుజం దగ్గర కోత, మోచేతి దగ్గర కోత, రెండు తోళ్లను కలిపిన దారపు ముడి, ఆ ముడి చుట్టూ ఏళ్ల తరబడి రాపిడికి నున్నబడి నల్లబడిన మచ్చ ఉంటాయి. దీపపు గొట్టం మీది హనుమంతుడు కిరీటంలో, తోకలో, కంటిలో ఏ లోటూ లేకుండా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చిల్లులతో మెరుస్తాడు. తోలు మాత్రం ఏకముక్క. చెయ్యి ఎత్తే ఉంటుంది, దించే పని లేదు కాబట్టి భుజాన్ని కోయరు.